చేతుల్తో ఎత్తుతున్నావేటి బాబూ!

2000 సెప్టెంబర్ 19. సిడ్నీలో కరణం మల్లీశ్వరి బార్ ఎత్తిన రోజు. 69 కిలోల విభాగం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ! ఆ ఫొటోల్లో మనందరి కళ్లూ ఒకచోటే ఆగాయి... ఆ చేతుల మీద. ‘అబ్బ, ఏం జబ్బసత్తువ!’ అనుకున్నాం. ఆమదాలవలసలో ఆ ఆట నేర్చుకున్న అమ్మాయి పతకానికి మనం చెప్పుకున్న కారణం అదే. ఆ ఫొటోలో చూడాల్సింది కాళ్లనీ, నడుమునీ అని నాతో అన్నది నెల్లిమర్ల దగ్గర ఓ పెద్దాయన. ఆయన దగ్గరికి నన్ను తీసుకెళ్లింది మా తమ్ముడి కుడి భుజం.

వాడికి పోలీసు కావాలని పిచ్చి. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌కి పరుగు, లాంగ్‌జంప్‌తో పాటు 7.26 కిలోల ఇనుప గుండు కూడా విసరాల్సొచ్చింది. పరుగులో వాడికి తిరుగులేదు. గుండు దగ్గరే బెంగ. ‘భుజాలు పెంచితే అదే పోతుందక్కా’ అని దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతలున్న జిమ్‌లో చేరాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి చొక్కాలన్నీ బిగుతైపోయాయి. ఆ చొక్కా తొడుక్కోవడానికి కుడిచెయ్యి లేవడం మానేసింది!

చేతిని పక్కనుంచి పైకెత్తితే నడుము ఎత్తు దాటేదాకా ఏమీ ఉండదు. అక్కణ్నుంచి చెవి దగ్గరికి వచ్చేదాకా ప్రాణం పోతుంది. చెవి దాటాక మళ్లీ హాయి. రాత్రి కుడిపక్కకు తిరిగి పడుకోలేడు. అమ్మ ఉప్పు కాపడం పెట్టింది, బామ్ రాసింది. నాన్న తీర్పు ఇచ్చేశారు: ‘ఆ ఇనప సామాను మానెయ్‌రా. ఒళ్లు హూనం చేసుకోడానికా డబ్బులు కట్టేది?’ జిమ్ ట్రైనర్ తీర్పు ఇంకోటి: ‘నొప్పి లేకుండా కండ ఎట్లొస్తది భయ్యా? ఇంకో ప్లేటు వెయ్.’ ఇద్దరికీ అనుమానం లేదు. ఇద్దరి మధ్యా తమ్ముడు నలిగిపోయాడు. వయోపరిమితి దాటడానికి వాడికి ఇంకెన్నో నోటిఫికేషన్లు లేవు మరి.

వాణ్ని ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ స్కాన్ రాస్తుందనుకున్నాం. రాయలేదు. మూలనున్న గొడుగు తెచ్చి వాడి చేతిలో పెట్టి, ‘జిమ్‌లో ఏమేం చేస్తావో దీంతో చేసి చూపించు’ అంది. వాడు సిగ్గుపడుతూనే చూపించాడు. ఆవిడ మూడోదాని దగ్గరే ఆపేసింది. రోగం ఎక్కడుందో ఆ గొడుగే చెప్పేసిందన్నమాట.

ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మన ఒంట్లో బంతిగిన్నె కీళ్లు ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నాయని బళ్లో చదువుకున్నాం కదా, తుంటి దగ్గరా, భుజం దగ్గరా. తుంటి దగ్గర గిన్నె నిజంగా గిన్నే. బంతి అందులో లోతుగా కూర్చుంటుంది. భుజం దగ్గరున్నది గిన్నె కాదు, టీ సాసరు! పెద్ద నిమ్మకాయను చిన్న సాసరు అంచున నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏ క్షణంలో చూసినా బంతిలో కొద్దిభాగమే ఆ సాసరుకు ఆనుతుంది. అందుకే చెయ్యి అన్నివైపులా తిరుగుతుంది. వీపు గోక్కోవచ్చు, జడ వేసుకోవచ్చు, బంతి విసరొచ్చు. ఆ స్వేచ్ఛకి దేవుడు వసూలు చేసిన ధర... పట్టు తక్కువ.

ఆ నిమ్మకాయ జారిపోకుండా నాలుగు చిన్న కండరాలు చుట్టూ చేరి పట్టుకుంటాయి. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటిది అద్దంలో కనిపించే అందం కాదు, ఎవరూ వీటిని చూసి ఈల వెయ్యరు. కానీ పైన కనిపించే పెద్ద కండ చేతిని లేపుతున్నంతసేపూ కింద బంతిని సాసరు మధ్యలో ఉంచేది ఇవే. బంతికి పైన ఎముక కప్పు ఒకటుంది. కప్పుకీ బంతికీ మధ్య సందు సెంటీమీటరు అటూ ఇటూ. ఆ కొద్ది సందులోంచే ఒక కండరం తాలూకు తాడు వెళుతుంది. దాని పక్కన ఒరిపిడి లేకుండా చిన్న తిత్తి.

ఇంకో సంగతి. చెయ్యి నిటారుగా పైకి లేపితే 180 డిగ్రీలు తిరిగినట్టు. ఇందులో భుజం కీలు తిరిగేది దాదాపు 120. మిగిలిన 60 వీపు మీది రెక్క ఎముక తిరిగితేనే వస్తాయి. రెక్క బద్ధకిస్తే ఆ భారమంతా కీలు మీద పడుతుంది. చిన్న పరీక్ష చేసి చూడండి. ఈ పేపరు పక్కన పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నట్టు గూనిగా కూర్చుని రెండు చేతులూ పైకెత్తండి. ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. ఇప్పుడు వీపు నిటారుగా పెట్టి మళ్లీ ఎత్తండి. తేడా తెలిసిందా? వీపు వంగితే రెక్కకు దారి ఉండదు. పొద్దంతా కుర్చీలో గూనిగా కూర్చుని, సాయంత్రం నేరుగా జిమ్‌కి వెళ్లి నెత్తిమీదకు బరువెత్తే కుర్రాడి పరిస్థితి ఇదే.

మరి గొడుగుతో మావాడు చేసి చూపించిందేమిటి? మొదటిది బెంచ్ ప్రెస్. పడుకుని ఛాతీ మీంచి బార్ నెట్టడం. మోచేతులు రెండూ శిలువలా పక్కలకు చాపి, బార్‌ను దాదాపు మెడ దగ్గరికి దించుతున్నాడు. అలా చేస్తే కిందికి దిగిన ప్రతిసారీ బంతి ముందువైపు తోసుకొస్తుంది. మోచేతుల్ని ఒంటికి దగ్గరగా, బాణం మొన ఆకారంలో ఉంచి, రెండు రెక్కల్నీ వెనక్కి కిందకి లాగి బెంచీకి ఆనించి, బార్‌ను ఛాతీ కింది భాగానికి దించితే అదే బరువు భుజానికి సగం చుట్టమైపోతుంది. చేతుల మధ్య ఎడం కూడా భుజాల వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటకపోతే మేలు. ఎడం పెరిగేకొద్దీ బార్ ప్రయాణం తగ్గుతుంది, ప్లేట్లు ఎక్కువ పడతాయి, ఫ్రెండ్స్ చప్పట్లు కొడతారు. భుజం మాత్రం కొట్టదు. ఏళ్ల తరబడి ఇలా నెట్టేవాళ్లకు కాలర్ బోన్ చివర అరిగిపోవడం డాక్టర్లకు ఎంత మామూలంటే, దానికి వెయిట్‌లిఫ్టర్ల భుజం అనే పేరే స్థిరపడిపోయింది.

రెండోది బార్‌ని మెడ వెనక్కి దించి పైకి నెట్టడం. కొందరికి ఆ కదలిక పుట్టుకతోనే సులువు. చాలామందికి భుజం అంత వెనక్కి తిరగదు. తిరగని భుజాన్ని బరువుతో తిప్పుతారు. మూడోది... ఆవిడ ఆపేసిన చోటు. రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకుని పక్కలకు ఎత్తేటప్పుడు, పైన బొటనవేళ్లు కిందకి దించాలట, చెంబులో నీళ్లు ఒంపినట్టు. ‘ఎవరు చెప్పారు నీకిలా?’ అనడిగింది డాక్టరు. ‘ట్రైనర్ మేడమ్. అట్లైతేనే కండ పడుతుందని...’ ఆవిడ గొడుగు తీసుకుని నీళ్లు ఒంపినట్టు చేసి చూపించింది. చెయ్యి అలా లోపలికి తిప్పి ఎత్తితే, ఇందాక చెప్పిన సన్నటి సందు మరీ ఇరుకవుతుంది. బొటనవేలు పైకి ఉంటే తాడుకు దారి దొరుకుతుంది. ఒక్క బొటనవేలు ఎటు చూస్తోందన్నదే తేడా!

అంతా ఆ సందులోనే ఉందనుకోవడం కూడా తప్పేనంటున్నారు ఇప్పుడు. కప్పు ఎముక గీకి సందు పెంచితే నొప్పి పోతుందని చాలాకాలం ఆపరేషన్లు చేశారు. నిజంగా ఎముక గీకిన ఆపరేషన్‌కీ, గీకకుండా గొట్టం పెట్టి చూసి మూసేసిన ఆపరేషన్‌కీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో బ్రిటన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో రాశారు. అసలు తంటా తాడు మీద పడే భారానిది. దానికి అలవాటు లేనంత బరువు, అలవాటు లేని తీరులో, తేరుకునే వ్యవధి లేకుండా పడటం. అందుకే ఆవిడ మందుబిళ్లల కంటే ఎక్కువగా ఫిజియోథెరపీ రాసింది. నెట్టే వ్యాయామాలు కొన్నాళ్లు తగ్గించి, లాగేవి పెంచమంది. అద్దంలో కనిపించే ఛాతీకి వారంలో మూడు రోజులు, కనిపించని వీపుకి అరపూట కేటాయించే కుర్రాళ్లే మన జిమ్‌ల నిండా. బరువుల వ్యాయామంలో అయ్యే గాయాల్లో భుజానివే 36 శాతం దాకా ఉన్నాయని అమెరికాలో 2010లో వచ్చిన ఓ సమీక్ష లెక్కగట్టింది. ఆ అద్దాల్ని చూస్తే ఆశ్చర్యం వెయ్యదు.

సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్తూ తమ్ముణ్ని కూడా తీసుకెళ్లాను. నెల్లిమర్ల ప్రాంతం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచిన మత్స సంతోషిది ఆ మండలంలోని కొండవెలగాడే. ఆ చుట్టుపక్కల బరువులెత్తడం కొత్తగా వచ్చిన ఫ్యాషన్ కాదు. కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం ఎంతో దూరం కాదు. పండగలకు సంగిడి రాళ్లు ఎత్తే పందేలు పాతవాళ్లకు తెలిసినవే. మా మామయ్యగారి స్నేహితుడొకాయన పూర్వం పోటీల్లో బరువులెత్తిన మనిషి. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో పిల్లలకు నేర్పిస్తుంటాడు. వెళ్లేసరికి పదేళ్ల పిల్లలు ఏడెనిమిది మంది వెదురు కర్రలు నెత్తిమీదికెత్తి గొంతుక్కూర్చుని ఉన్నారు. ఇనుము ముట్టుకోవాలంటే ముందు నెలల తరబడి కర్రే!

మావాడికి కాళ్లాగలేదు. ఖాళీ బార్ కనిపించేసరికి ఎడమచెయ్యి ఆసరాతో ఒకసారి ఎత్తి చూపించబోయాడు. బార్ ఒంటికి జానెడు దూరంలో లేచింది. భుజాలు చెవుల దాకా ముడుచుకున్నాయి.

‘ఏటి బాబూ, చేతుల్తో ఎత్తుతున్నావేటి? మరి కాళ్లెందుకిచ్చాడు దేవుడు?’ అన్నాడాయన.

తర్వాత మావాడికి ఆయన చెప్పింది అరగంట పాఠం. రైసుమిల్లు దగ్గర కలాసీలు బస్తా ఎత్తడం చూశావా అన్నాడు. బస్తాను ఒంటికి అంటించుకుంటారు, తొడతో ఒక్క తోపు తోస్తారు, ఆ ఊపులో అది భుజం మీదికి వచ్చి కూర్చుంటుంది. ఎవరూ చేతులు చాపి బస్తా ఎత్తరు. ఎత్తితే సాయంత్రానికి కూలికి పనికిరారు. బార్ కూడా అంతే. ‘చేతులు తాళ్లు బాబూ. తాడు లాగదు, తాడు కట్టిన ఎద్దు లాగుద్ది. నీ ఎద్దు నీ తొడల్లో ఉంది’ అన్నాడు. స్నాచ్‌లో కాళ్లూ నడుమూ ఇచ్చిన ఊపుతో బార్ పొట్ట, ఛాతీల ఎత్తుకి వస్తే చాలట. అక్కణ్నుంచి బార్ పైకి పోదు, మనిషే దానికిందికి దూరిపోతాడు. బార్ ఒంటికి దూరంగా తిరుగుతూ లేచిందా, నెత్తిమీదికి చేరాక కూడా ఆ ఊపు ఆగదు. వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడును ఆపాల్సింది ఎవరు? సాసరు మీది నిమ్మకాయ!

ఇక పైకెత్తి నిలబెట్టడం గురించి ఆయనన్న మాట నేను రాసుకున్నాను. ‘పాకకి నిట్రాడుంటాది సూడమ్మా. నిట్రాడ పాకని ఎత్తదు. నిల్చుంటాది అంతే. పైకెల్లాక సెయ్యి అలాగుండాల.’ మోచెయ్యి బిగిసి, రెక్క పైకి తిరిగి, బార్ సరిగ్గా పాదాల మధ్యకు నిలువుగా పైన ఉంటే బరువు ఎముక మీంచి ఎముక మీదికి దిగి నేలను చేరుతుంది. భుజం కండకు ఆ బరువును మొయ్యాల్సిన పని తగ్గి, ఒరగకుండా చూసుకునే పని మిగులుతుంది. అదే బార్ రెండంగుళాలు ముందుకొస్తే నిట్రాడ ఒరిగినట్టే.

ఆట నిబంధనలు కూడా ఇదే చెప్పడం నాకు ముచ్చటేసింది. స్నాచ్‌లో గానీ జెర్క్‌లో గానీ బార్ పైకి వెళ్లాక మోచెయ్యి వంగి, మళ్లీ బలంతో నెట్టి సాపు చేస్తే ఆ ఎత్తు చెల్లదు. చేతులు బిగిసిపోయి బార్‌ను అందుకోవాలి. పూర్వం ఒలింపిక్స్‌లో మూడో అంశం ఒకటుండేది, ప్రెస్. భుజాలమీంచి చేతుల బలంతోనే నెట్టేది. రానురానూ లిఫ్టర్లు విల్లులా వెనక్కి వంగిపోయి నెట్టడం, అది ఒప్పో తప్పో జడ్జీలు తేల్చలేకపోవడంతో 1972 మ్యూనిక్ తర్వాత దాన్ని తీసేశారు. ఒలింపిక్స్ వదిలేసిన ఆ ప్రెస్సే మన జిమ్‌లకు ముద్దుబిడ్డ. సరైన బరువుతో, వీపు నిటారుగా ఉంచి చేస్తే అదేమీ పాపం కాదు. కాకపోతే బార్ పైకి వెళ్లనప్పుడు నడుము వంచి గెంటడం ఆనాటి ఛాంపియన్ల నుంచి ఈనాటి మావాడి దాకా ఒకేలా ఉంది!

పద్ధతి తెలిసినంత మాత్రాన దెబ్బ తగలదని కాదు. అమెరికా ఒలింపిక్ శిక్షణ కేంద్రాల్లోని లిఫ్టర్ల ఆరేళ్ల గాయాల వివరాలు 1999లో అచ్చయ్యాయి. వెన్ను, మోకాలు, భుజం... ఈ మూడూ కలిపి మూడింట రెండొంతులకు దగ్గర. అందులోనూ ఎక్కువభాగం కీలు ఊడటాలు, ఎముకలు విరగడాలు కావు, పదేపదే పడ్డ భారంతో కండా, తాడూ అలిసిపోయినవే. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సంకేత్ సర్గర్ 139 కిలోల జెర్క్ దగ్గర మోచెయ్యి పట్టుకుని కూలబడటం టీవీలో చూశాం. ఒక్క కిలో తేడాతో స్వర్ణం పోయింది. అంత అంచున నిలబడేవాళ్ల సంగతి వేరు. మన జిమ్‌కి వచ్చే కుర్రాడు ఆ అంచుకు వెళ్లాల్సిన అవసరం లేదు.

మీరాబాయి చాను సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. టోక్యోకి ముందు ఆమె స్నాచ్ ఎంతకీ పెరగలేదు. 2020 చివర్లో అమెరికా వెళ్లి ఆరన్ హోర్షిగ్ అనే ఫిజికల్ థెరపిస్టును కలిశారు. చిక్కు ఆమె భుజం దగ్గర ఉందనీ, రెండువైపులా సమంగా పని చెయ్యడం లేదనీ ఆయన తేల్చారు. ఆ తేడా సరిదిద్దే కసరత్తులు మొదలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలతో ప్రపంచ రికార్డు. జులైలో టోక్యోలో 87, 115... మొత్తం 202 కిలోలతో రజతం. భుజం బాలేదని అంతటి లిఫ్టర్ చేసింది బరువులు మానెయ్యడం కాదు. ఇంకా బరువు గుద్దెయ్యడమూ కాదు.

ఈ కథంతా ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన వింటూ వింటూ కండువా ఎడమ భుజం మీద వేసుకోబోయి ఆగిపోయారు. గమ్మత్తేమిటంటే, జీవితంలో డంబెల్ ముట్టని మా నాన్నకు ఆర్నెల్లుగా ఎడమచెయ్యి పైకి లేవడం లేదు. షుగర్ ఉంది కదా. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో అది మిగతావాళ్ల కంటే ఎక్కువ. భుజం చుట్టూ ఉన్న సంచీ గట్టిపడి బిగుసుకుపోతుంది. ‘ఇనప సామాను’ మానేస్తే భుజం క్షేమమనే వాదన అక్కడితో కొంచెం మెత్తబడింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తున్నారు. గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం నాన్నది, రబ్బరు బెల్టు లాగేది తమ్ముడిది. ఎవరు ముందు పైకి అందుకుంటారని ఇంట్లో పందెం.

ఇంట్లో బరువులెత్తేవాళ్లుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. వ్యాయామం అయిన మర్నాడు కండ సలుపుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. అది మామూలే. కీలు లోపల గుచ్చినట్టుండటం, రాత్రి నిద్ర చెడగొట్టడం, చేతిలో గ్లాసు కూడా ఎత్తలేనంత నీరసం, ఎత్తుతుండగా ‘టప్’మని శబ్దం, వేళ్లకు తిమ్మిరి... ఇవి ఉంటే డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్లలో ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, గుండె బరువు ఉంటే అది భుజం గొడవ కాకపోవచ్చు. ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

తమ్ముడు నాలుగు నెలలు బార్ ముట్టలేదు. వెదురు కర్ర మాత్రం ఊరినుంచి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే డాబా మీద దాన్ని నెత్తిమీదికెత్తి గొంతుక్కూర్చుంటుంటే ఎదురింటివాళ్లు వింతగా చూసేవాళ్లు. ట్రైనర్‌తో పోట్లాడలేదు, జిమ్ మార్చాడంతే. పోయిన నెలలో 20 కిలోల ఖాళీ బార్‌కి వచ్చాడు. చొక్కా తొడుక్కోవడానికి అమ్మను పిలవడం లేదు.

ఇనుప గుండు మళ్లీ పట్టుకున్నది మొన్న ఆదివారమే. మొదటి నాలుగు విసుర్లు ఎప్పట్లాగే చేత్తో విసిరాడు, ఎప్పట్లాగే దగ్గర్లో పడ్డాయి. అయిదోసారి ఆగి, కుడికాలు వంచి, గుండును మెడకు ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. టేపు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డ నాకు వాడి పెదాలు కదలడం కనిపించింది. ఏటి బాబూ, చేతుల్తోనా... అని తనలో తనే అనుకుంటున్నాడు.

కాలితో నేలను తన్నాడు. ఆ విసురు పాతదానికంటే రెండడుగులు ఎక్కువ వచ్చింది.